ఒరిసిన వైరు

పాత పికప్ ట్రక్కును ట్రాక్టరుతో లాగించుకొచ్చి షెడ్డు ముందు వదిలారు. ట్రాక్టరు వెళ్ళిపోయింది. ట్రక్కులోంచి బావ, బావమరిది దిగారు. బావమరిది పెదవి అప్పటికే చిట్లి ఉంది.

"వీడే ఏదో కెలికాడు మేస్త్రమ్మా," అన్నాడు బావ. "నిన్నటిదాకా ఎత్తెక్కేటప్పుడు ఆగిపోయేది, ఇవాళ అసలు కదలట్లేదు. నా దగ్గర మానేసి వేరేవాళ్ళ దగ్గర పనికి పోవాలని నా బండి చెడగొడుతున్నాడు."

"నేను ముట్టుకోలేదు బావా."

మేస్త్రమ్మ ఇరవయ్యేళ్ళుగా బండ్ల వైరింగు పని చేస్తోంది. తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. తాళం వదలగానే ఠక్కున చచ్చింది. మళ్ళీ తిప్పినా అంతే.

"తిప్పినంతసేపు ఒక వైరు, వదిలాక ఇంకో వైరు ఇంజనుకి నిప్పురవ్వనిచ్చే కాయిల్‌కి కరెంటిస్తాయి. ఆ రెండోది తెగినట్టుంది," అంటూ టెస్ట్ ల్యాంపు పట్టుకుని డాష్‌బోర్డు కిందికి దూరింది.

"తెగడమేంటి? తెంపాడు!"

ఆ వెంటనే దెబ్బ చప్పుడు, కేక. ఆమె బయటికొచ్చేసరికి బావ చేతిలో జాకీ రాడ్డు ఉంది. బావమరిది ఎడమ చెయ్యి మోచేతి దగ్గర విరిగి వంకరగా వేలాడుతోంది.

"ఆగవయ్యా! ఎవరూ తెంపలేదు. స్టీరింగ్ రాడ్డుకి ఒరుసుకుని అరిగి తెగింది. నీ కళ్ళతో నువ్వే చూసుకో!"

అతను చూడలేదు. "నువ్వూ వాడి పక్షమేనా?" అని ఒక్క తోపు తోశాడు. ఆమె తల తలుపు అంచుకి కొట్టుకుని కళ్ళు బైర్లు కమ్మాయి. రాడ్డు మళ్ళీ లేచింది.

బావమరిది కుడిచేత్తో బల్ల మీది పెద్ద స్పానరు అందుకుని బావ మొహం మీద కొట్టాడు. బావ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రాడ్డు జారిపోయింది. అయినా బావమరిది ఆగలేదు.

"మా అక్కని కొట్టినట్టు నన్నూ కొడతావా?" అంటూ మరో రెండు వేశాడు. నేలంతా రక్తం.

మేస్త్రమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. "చాలురా, చస్తాడు!"

"చావనీ."

"మీ అక్క ఏడుస్తుందిరా!"

"ఏడవదు," అన్నాడు వాడు.

ఆమె స్పానరు లాక్కుని దూరంగా విసిరేసింది. బ్యాటరీ నుంచి కాయిల్‌కి నేరుగా ఒక వైరు తగిలించింది. ఇద్దరూ కలిసి బావని వెనక్కెక్కించారు. వాడూ ఎక్కి, ఆ మనిషి కాళ్ళు కూడా తగలనంత దూరంలో ముడుచుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి దాకా ఆమే నడిపింది.

బావ బతికాడు గానీ ఒక కన్ను పోయింది. బావమరిదే ముందు కొట్టాడని పోలీసులకి చెప్పాడు. మేస్త్రమ్మ ఏ దెబ్బ ముందో, ఏది తర్వాతో వరసగా చెప్పింది. అయినా బావమరిదికి ఆర్నెల్లు జైలు పడింది. కిందపడిన మనిషిని కొట్టడం తప్పేనని ఆమెకీ తెలుసు.

వాడు జైల్లో ఉండగా ఒకరోజు వాడి అక్క షెడ్డుకొచ్చింది. దవడ మీద కమిలిన మచ్చ పసుపురంగుకి తిరుగుతోంది.

"మా తమ్ముడు ఎన్ని దెబ్బలు కొట్టాడు?"

"మూడు."

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది. పొద్దు వాలేదాకా ఇంటికి వెళ్ళే మాటే ఎత్తలేదు. మేస్త్రమ్మ కూడా అడగలేదు.