అవధానులుగారి చెవికి ఆనని కెమెరా

నేను ఒక అద్దం లేని కెమెరాను. మా పూర్వీకుల కడుపులో ఒక అద్దం ఉండేది. మీట నొక్కగానే అది పైకి లేచి, మళ్ళీ కింద పడి, వీధి చివరి వాళ్ళు కూడా తల తిప్పి చూసేలా 'టపక్' మనేది. అది బరువనీ దండగనీ మావాళ్ళు తీసేశారు. దాని చోట ఏం పెట్టారని అడక్కండి. ఏం పెట్టలేదో అడగండి, తొందరగా చెప్పేస్తాను.

నేను పుట్టింది సముద్రాల అవతల, దుమ్మురవ్వ కూడా చెప్పులు విప్పి లోపలికి రావలసిన ఫ్యాక్టరీలో. అక్కడ తెల్ల ముసుగుల ఇంజనీర్లు నన్ను చుట్టుముట్టారు. ఒకాయన సినిమా తీయడం నేర్పాడు. ఒకాయన పరుగెత్తే కుక్కను పోల్చుకోవడం నేర్పాడు. ఇంకొకాయన విమానాన్నీ, ఆయన తోడల్లుడు కాబోలు, రైలునూ చూపించాడు. తలా ఒక విద్య పెట్టి, ఏది ఎక్కడ పెట్టారో ఎవరికీ చెప్పకుండా ఇళ్ళకు పోయారు. ఆ విద్యలన్నీ నా వీపున ఉన్న తెరమీద మెనూగా కనబడతాయి. అది ఎంత పొడుగంటే, అమలాపురంలో బస్సెక్కి వేలితో జరపడం మొదలుపెట్టినవాడు రావులపాలెం వంతెన దాటి, రాజమండ్రిలో దిగి, గోదావరిలో మునిగి, తల ఆరబెట్టుకునేదాకా జరిపినా దాని అడుగు చూడలేడు. నమ్మకపోతే బస్సెక్కండి.

నన్ను మొదట కొన్నది కాకినాడ డాక్టరొకాయన. అడవికి వెళ్ళి పులిని తీస్తానని కొన్నాడు. చివరికి తీసింది పెరట్లో ఉడతను. అదీ తోక మాత్రమే వచ్చింది. ఆ తోకనే పులి తోకని స్నేహితులకు చూపించి, పరువు దక్కించుకుని, నన్ను అంబాజీపేట ఫొటోగ్రాఫరు ఏకాంబరానికి అమ్మేశాడు.

ఏకాంబరం పెళ్ళి ఫొటోల్లో చెయ్యి తిరిగిన మనిషి. ఆయన పాత అద్దాల కెమెరా ముసలిదై మూలబడడంతో నేను ఆ ఇంట్లో కాలు పెట్టాను. ఆయన భార్య భ్రమరాంబ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏవండీ, హార్మోనియం కొనబోయి ఇది తెచ్చారా ఏంటి? ఇన్ని మెట్లున్నాయి."

ఆ వారంలోనే పందెం పుంజులు పెంచే అబ్బులు వచ్చి తన డేగ పుంజుకు ఫొటో తీయమన్నాడు. "చప్పుడవకుండా తియ్యండి మాస్టారూ. ఇది బెదిరిందంటే మేత ముట్టదు. మా ఆవిడ అలిగితే ఓర్చుకుంటాను గానీ, ఇది అలిగితే నా వల్ల కాదు" అన్నాడు.

ఏకాంబరం మెనూలోకి దిగాడు. చాలాసేపటికి పైకి తేలి, మీట నొక్కితే నాకొచ్చే కాస్త చప్పుడూ నొక్కేశాడు. పిట్టలను మాత్రమే చూడమని నాకు చెప్పాడు. పుంజు ఎంత బాగా వచ్చిందంటే, అబ్బులు దాన్ని పటం కట్టించి, గోడమీదున్న మామగారిని దించి మరీ తగిలించాడు. ఏకాంబరం ఆనందంలో ఆ రెండు సంగతులూ మరిచిపోయాడు.

తరవాతి పని కొబ్బరి వ్యాపారి సూర్యచంద్రం గారి పెద్దమ్మాయి హిమజ నిశ్చితార్థం. అక్కడి డీజే మోతకు కొబ్బరికాయలు వాటంతట అవే రాలుతున్నాయి. నేను మూగనన్న సంగతి ఎవరికి తెలుస్తుంది? వేదిక వెనక ప్లాస్టిక్ చిలకలు కట్టారు. నాకు చెప్పిన పని పిట్టలను చూడడం. చూశాను. ఫొటోల్లో ప్రతి చిలక కంట్లోనూ కాంతి మెరిసింది. వధూవరులు మాత్రం పొగమంచులో పడవల్లా ఉన్నారు.

సూర్యచంద్రం గారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు.

"ఏకాంబరం, ఈ చిలకలకేమన్నా సంబంధం కుదిరిందేంటయ్యా? మా అమ్మాయేది?"

"ఎనకాల ఉందండి."

"ముందుంది నాయనా. నీ కెమెరాకే ఎనకాలుంది."

ఏకాంబరం తల దించుకున్నాడు. సూర్యచంద్రం గారు గొంతు తగ్గించి, "వీడియోవాళ్ళు ఫొటోగ్రాఫరెందుకండీ, మా వీడియోలోంచే ఫొటోలు కోసిచ్చేస్తామంటున్నారు. నువ్వు మా ఇంటి మనిషివని ఆగాను. పెళ్ళిలో తెరసెల్ల దించగానే పిల్లా పిల్లాడూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు చూడు, ఆ ఫొటో నాక్కావాలి. మళ్ళీ చూసుకోమంటే వచ్చే చూపు కాదది. అది పోయిందా, శ్రావణంలో చిన్నదాని పెళ్ళికి నువ్వు భోజనానికి రా, కెమెరా తేకు" అన్నారు.

ఒక్క ఇంటి మాట అయితే ఏకాంబరం తట్టుకునేవాడేమో. సూర్యచంద్రం గారు ఏ దారిన పోతే ఊరు ఆ దారిన పోతుంది. ఆయన వద్దన్న ఫొటోగ్రాఫరును ఇంకెవరు పిలుస్తారు?

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర తోటి ఫొటోగ్రాఫర్లు చేరి నా వంశాన్నంతా దుమ్మెత్తిపోశారు. సినిమా గోల లేకుండా ఉత్త ఫొటోలే తీసేది ఒక్కటి చెయ్యడానికి వీళ్ళకేం రోగమని ఒకడు. స్నాతకానికి పెట్టిన బ్యాటరీ అప్పగింతల్లో పెళ్ళికూతురు ఏడ్చేదాకా నిలవాలి గదా అని ఒకడు. లెన్సు విప్పగానే లోపల దుమ్ము పడకుండా ఒక తలుపు మూసుకుంటే వీళ్ళ సొమ్మేం పోయిందని ఇంకొకడు.

"నాకవేవీ అక్కర్లేదురా" అన్నాడు ఏకాంబరం. "మనిషిని చూస్తందో, పిట్టను చూస్తందో, నోరుందో లేదో, పైన ఒక చక్రం మీద రాసుంటే చాలు. కళ్ళజోడు లేకుండా కనబడాలి."

సంచిలో పడుకుని అంతా విన్నాను. నాకు కుక్కమొహం నేర్పిన ఇంజనీరు ఒక్కపూట ఈ బల్లమీద కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో. ఏకాంబరం ఇంటికెళ్ళి మెనూ అంతా గాలించి, పిట్టలను తీసి మనుషులను పెట్టాడు. గొంతు సంగతి మాత్రం టీకొట్టు దగ్గరే మరిచి వచ్చాడు.

పెళ్ళి పొద్దుటి ముహూర్తానికి. పురోహితులు పేరి అవధానులు గారు. ఆయన చూపు మందగించింది గానీ చెవి మహా చురుకు. పక్కవీధిలో ఎవరైనా మంత్రం తప్పు చదివితే ఇక్కడినుంచే దిద్దుతారని చెప్పుకుంటారు. ఆయనకూ ఫొటోగ్రాఫర్లకూ ఎప్పటినుంచో ఒక ఒప్పందం ఉంది. ఏ తంతులోనైనా కెమెరా 'టపక్' మని వినబడితేనే తరవాతి మంత్రానికి వెళతారు. వినబడకపోతే, పాపం ఫొటో కాలేదని అక్కడే ఆగుతారు.

ముహూర్తం వచ్చింది. తెరసెల్లకు అటూ ఇటూ నుంచి వధూవరులు ఒకరి తలమీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టారు. నేను తీశాను. ఏకాంబరం వేలు ఎత్తకుండా తీయించాడు. అవధానులు గారికి ఏమీ వినబడలేదు. అదే మంత్రం మళ్ళీ ఎత్తుకున్నారు. తెర దిగితే తీద్దామని ఏకాంబరం చూస్తున్నాడు. టపక్‌మంటే దించమందామని ఆయన చూస్తున్నారు. ఉక్కకు బెల్లం కరిగి పెళ్ళికొడుకు నుదుటిమీదకి, అక్కడినుంచి కనుబొమలోకి దారి తీసింది.

"ఏమిటోయ్ ఏకాంబరం, తియ్యవా?" అన్నారు అవధానులు గారు.

"తీశానండి. తెగ తీశానండి."

"ఎప్పుడు తీశావు? నేనేం చెవులు ఇంట్లో పెట్టొచ్చానా?"

"ఇది చప్పుడు చెయ్యదండీ."

"చప్పుడు చెయ్యకుండా ఫొటో ఎలా పడుతుందయ్యా? తాళం వెయ్యకుండా తలుపు వేశానన్నట్టుంది. సరిగా తియ్యి, నేనాగుతాను."

సూర్యచంద్రం గారు లేచి నిలబడ్డారు. "ముహూర్తం దాటిపోతందయ్యా."

ఏకాంబరం గబగబా మెనూ తెరిచాడు. విమానాలు వచ్చాయి, రైళ్ళు వచ్చాయి, కుక్కలు వచ్చాయి, సినిమా సరంజామా అంతా వచ్చింది. నా గొంతు మాత్రం రాలేదు. నేను చెబుదామంటే నోరు నొక్కేసింది ఆయనే. మెనూ మూసేసి, నన్ను కంటికి ఆనించుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, నాలుక అంగిటికి కొట్టి "టక్" మన్నాడు.

ఎద్దును అదిలించినట్టుంది.

"ఆఁ, అదీ" అన్నారు అవధానులు గారు తృప్తిగా. "దించండి తెర."

తెర దిగింది. ఆ నాలుక చప్పుడు హిమజ చెవి పక్కనే పడింది. నవ్వు ఆపుకుందామని పెదవి కొరుక్కుంటూ తలెత్తేసరికి, ఎదురుగా పెళ్ళికొడుకు, కంట్లో బెల్లం పడి ఒక కన్ను గట్టిగా మూసుకుని ఉన్నాడు. తాళి కట్టకముందే కన్ను కొట్టాడనుకుంది. ఇక ఆగలేదు, ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వు చూసి అతనూ నవ్వాడు. నేను ఆ తెరిచిన కన్నునూ, ఆ నవ్వునూ పట్టుకున్నాను. వదల్లేదు.

భోజనాలకు ముందు సూర్యచంద్రం గారు నా వీపు మీది తెరలో ఆ ఫొటో చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. పక్కనుంచి ఆయన తల్లి శేషమాంబ గారు తొంగి చూసింది.

"మీ నాన్న తెర దించినప్పుడు నన్ను చూసి తుమ్మాడ్రా. దీని బతుకే బాగుంది, నవ్వుతా మొదలెట్టింది."

సూర్యచంద్రం గారు కండువాతో కళ్ళు ఒత్తుకుని, "శ్రావణంలో నువ్వు ముందు నిలబడు. వీడియోవాళ్ళు నీ ఎనకాల నిలబడతారు" అన్నారు.

ఆ తరవాత ఏకాంబరానికి మెనూలో నా గొంతు దొరికింది. మురిసిపోతూ అవధానులు గారికి వినిపించాడు. ఆయన చెవి ఒగ్గి విని, "ఇదేమిటయ్యా, అగ్గిపెట్టె మూసినట్టు? ఆ రోజుదే బాగుంది" అన్నారు.

ఏకాంబరం నా నోరు మళ్ళీ నొక్కేశాడు. ఇప్పుడు కోనసీమలో ఏ పెళ్ళికి వెళ్ళినా నేను ఫొటో పడతాను, ఆయన నాలుక పలుకుతుంది. జనం నా వంక చూసి, కొత్త కెమెరా, గొంతు భలే ఖంగుమంటోందని మెచ్చుకుంటారు. నేను కాదనను.