చల్లారిన తిండి తినే మనిషి

క్రిస్టా డిష్‌వాషర్‌లోంచి గిన్నెలు తీసి సర్దుతుండగా భర్త గార్త్ వంటింట్లోకి వచ్చి, "క్రిస్టా, నేను ప్రేమకథలు చదువుతానని ఊరంతా అనుకుంటోంది. ఏమిటి సంగతి?" అన్నాడు.

క్రిస్టాకి అర్థం కాలేదు. బీమా ఏజెంటు గార్త్ పాలసీ కాగితాలూ హాకీ స్కోర్లూ తప్ప మరో అక్షరం చదవగా పెళ్ళయిన దగ్గర్నుంచీ చూసి ఎరగదు. అతను ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. పాఠకులు పుస్తకాలకి స్టార్లు ఇచ్చుకునే సైటు అది. ఐదు స్టార్లు, గార్త్ ఎంగ్‌స్ట్రమ్ అన్న పేరు, పక్కన చేపను ఎత్తి పట్టుకుని నవ్వుతున్న అతని ఫోటో. కింద ఉన్న మాటలు మాత్రం మొదటి నుంచి చివరిదాకా క్రిస్టావి. చేతిలోని గాజు గిన్నె జారబోతే పొట్టకి అదిమి పట్టుకుంది.

తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే తట్టింది. ఆమె పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్ యంత్రం గార్త్ క్రిస్మస్‌కి కొనిచ్చింది. కార్డు తనది గనక ఖాతా కూడా తన పేరునే తెరిచాడు. మామూలుగా క్రిస్టా పుస్తకం అయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని, 'దానిమ్మ గింజ' అని తను పెట్టుకున్న పేరుతో అభిప్రాయం రాసేది. ఆదివారం మాత్రం ఓవెన్‌లో పెట్టిన క్యాసరోల్ వంటకం ఎర్రబడే లోపు నిలబడే చివరి పేజీ చదివింది. ఎన్ని స్టార్లు ఇస్తారని యంత్రమే అడిగింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అక్కడికక్కడే రాసేసి బటన్ నొక్కింది. ఎవరి ఖాతాలో రాస్తోందో గుర్తే లేదు.

పుస్తకం గ్రీకుల యమధర్మరాజు గురించి. హేడిస్ అనే ఆ పాతాళపు రాజు పూలు కోసుకుంటున్న పిల్లని ఎత్తుకుపోయి దానిమ్మ గింజలు తినిపించాడని పాత కథ. ఈ కాలపు రచయిత్రులు అతణ్ణి నల్లకోటు అందగాడిగా మార్చి అమ్ముతుంటే, ఆరు నెలలు మంచులో మునిగి ఉండే తమ డులూత్ ఊళ్ళో ఆడవాళ్ళు ఎగబడి చదువుతున్నారు. కిందటి నెల లైబ్రరీ పాఠకుల బృందంలో దాని మీద చిన్నపాటి యుద్ధమే జరిగింది. అక్కడ నోరు విప్పే ముందు అందరూ వేళ్ళెత్తి స్టార్లు చూపించాలి. రిటైరైన టీచరు వినిఫ్రెడ్ ఒకే ఒక్క వేలెత్తి, "ఎత్తుకుపోయినవాడు ఎత్తుకుపోయినవాడే. అందంగా ఉంటే తప్పు కాకుండా పోతుందా? ఆ పిల్ల తల్లి ఏడుపు ఎవరికీ పట్టదేం?" అంది. "ఆ పడగ్గది అధ్యాయం గ్యారంటీ అంటే నేను బట్టలు సర్దుకుని, ఎప్పుడొచ్చి ఎత్తుకుపోతాడా అని గుమ్మంలో కూర్చుంటా" అని ఇంకొకావిడ.

క్రిస్టా ఐదు వేళ్ళూ ఎత్తింది. "దానిమ్మపండు కోసే ముందు అతను ఆకలిగా ఉందా అని అడుగుతాడు. ఆమె జవాబు చెప్పేదాకా ఆగుతాడు. నాకు అది నచ్చింది" అంది. బృందాన్ని నడిపే లైబ్రేరియన్ డార్సీ పకపకా నవ్వేసి, "అంత మసాలా పుస్తకంలో నీకు తిండే కనబడిందా తల్లీ" అంది. అందరూ నవ్వారు. క్రిస్టా కూడా నవ్వి, లేచి అందరికీ కాఫీ పోసింది. ఇంటికొచ్చి పుస్తకం మళ్ళీ మొదలుపెట్టింది.

రెండోసారి చదివి రాసిందే ఇది: 'ఈ రాజు ఆకలిగా ఉందా అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాడు. నాకు తెలిసిన ఇంట్లో ఒక ఆడమనిషి ఉంది. అందరికీ వడ్డించి, అందరూ లేచాక చల్లారింది తింటుంది. నీకు ఆకలిగా ఉందా అని ఆమెని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందుకే ఈ రాజు కల్పితమని నాకు తెలుసు.'

డార్సీ నవ్విన మాటే అది. గార్త్ పేరు కింద ఉండేసరికి వందల మంది మెచ్చుకున్నారు. 'మగవాడివై ఉండి ఎంత గమనించావయ్యా' అని ఒకావిడ. 'మీ భార్య పెట్టి పుట్టింది' అని మరొకావిడ. 'మీకు పెళ్ళికాని తమ్ముడెవరైనా ఉన్నాడా' అని ఇంకెవరో. చదువుతుంటే క్రిస్టాకి నవ్వాలో గోడకి తల బాదుకోవాలో తెలియలేదు.

"తీసేసి నా పేరుతో పెట్టుకుంటాను" అంది.

"ఎందుకూ? ఉండనీ. పొద్దున్నించి ఎవరెవరో ఫోన్ చేసి మీలాంటి మనసున్నవాళ్ళ దగ్గరే పాలసీ తీసుకుంటామంటున్నారు. అయినా మన ఇంట్లో నీది నాది అని ఏముంది?"

ఈ మాట ఆమెకి కొత్త కాదు. ఆమె జీతం గురించి, ఆమె సెలవుల గురించి ఎప్పుడూ అదే మాట. అతను చేపలు పట్టే పడవ గురించి మాత్రం ఆ మాట ఎప్పుడూ వినలేదు. అత్తగారు ఆర్లీన్ ఏ ఆదివారమూ మరిచిపోకుండా, "మా వాడికి వేడిగా లేకపోతే గొంతు దిగదమ్మాయ్, నాకూ అంతే" అంటూ టేబుల్ దగ్గర ముందు కూర్చుంటుంది. క్రిస్టా పనిచేసే పళ్ళ క్లినిక్కులో డాక్టరు, "నువ్వు లేకపోతే ఈ క్లినిక్కు నడవదు క్రిస్టా" అని మునగచెట్టెక్కించి, తన కాఫీ కప్పు ఆమె చేతికిచ్చి వెళ్తాడు. ఇన్నేళ్ళలో తనదని చెప్పుకోవడానికి మిగిలినవి ఈ ఐదు వాక్యాలే. అవి కూడా ఇప్పుడు అతని పేరు కింద పోతున్నాయి. అయినా నోట్లోంచి వచ్చింది ఒకటే ప్రశ్న.

"ఆ ఆడమనిషి సంగతి చదివావా?"

"చదివాను. గుండె పిండేసింది" అన్నాడు గార్త్ తల దించుకుని.

అర్థం చేసుకున్నాడు, నోటితో చెప్పలేకపోతున్నాడు అనుకుంది క్రిస్టా. ఆ ఒక్క ఆశతోనే డార్సీ అతణ్ణి బృందంలో మాట్లాడమని పిలిచినప్పుడు నోరు మూసుకుంది. నీలం చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది. బృందం కోసం నిమ్మకాయ కేకు కూడా చేసింది. అందరి ముందూ, 'ఇవి మా ఆవిడ మాటలు, ఆ మనిషి మా ఆవిడే' అంటాడని దారి పొడుగునా ఎదురుచూసింది.

గార్త్ గొంతు సవరించుకుని ఆ ఐదు వాక్యాలూ చదివాడు. చక్కగా చదివాడు. డార్సీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. వినిఫ్రెడ్ ముందుకు వంగి, "ఎవరు నాయనా ఆ ఆడమనిషి?" అని అడిగింది.

"మా అమ్మ" అన్నాడు గార్త్. "ఎంత కష్టపడిందో పాపం."

క్రిస్టా అతని వైపు తిరిగింది. అబద్ధమాడుతున్నాడేమోనని అతని ముఖమంతా వెతికింది. అబద్ధమైతే బాగుండు, నిజం తెలిసే దాస్తున్నాడని సరిపెట్టుకునేది. కానీ అతని కళ్ళు నిజంగానే చెమర్చాయి. రోజూ అతని ఎదుట నిలబడి వడ్డించే మనిషి గురించి రాస్తే, ఆ మనిషి ఎవరో అతనికి తెలియలేదు. ఇన్నేళ్ళుగా తను అతనికి కనబడనే లేదు.

"చూపించండి మరి, గార్త్ గారి మాటలకి ఎన్ని స్టార్లో" అంది డార్సీ. గదినిండా చేతులు లేచాయి, అన్నీ ఐదేసి వేళ్ళు. క్రిస్టా చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉంది.

"నీవెన్ని క్రిస్టా?"

క్రిస్టా డార్సీ వైపు చూడలేదు. "గార్త్, నాకు ఆకలిగా ఉంది" అంది.

పెళ్ళయ్యాక ఆ మాట పైకి అనడం ఇదే మొదటిసారని అన్నాకగానీ ఆమెకే తట్టలేదు. గార్త్ వాచీ చూసుకున్నాడు.

"ఇంటికెళ్ళాక ఏదో ఒకటి చేసుకో. ఎలాగూ చేస్తావు గనక నాకూ అమ్మకీ కూడా చేసెయ్."

వినిఫ్రెడ్ గార్త్‌ని చూసింది, క్రిస్టాని చూసింది, కేకు పళ్ళేన్ని చూసింది. "అమ్మాయ్, అది రాసింది నువ్వా?" అంది మెల్లిగా.

"నేనే."

అందరికంటే ముందు డార్సీ వేళ్ళు ముడుచుకున్నాయి. తర్వాత ఒక్కొక్క చెయ్యీ కిందికి దిగింది. కిందటి నెల ఎవరిని చూసి నవ్వారో వాళ్ళకి గుర్తొచ్చినట్టుంది, ఎవరూ తలెత్తలేదు. గార్త్ మాత్రం అందరి వైపూ తెల్లబోయి చూస్తూ, "ఏమైంది? నేనేమన్నాను?" అని అడుగుతున్నాడు.

అతనికి విడమరిచి చెప్పాలని క్రిస్టాకి అనిపించలేదు. కోటు తొడుక్కుంది, కారు తాళాలు టేబుల్ మీద అతని ముందు పెట్టింది, కాఫీ కప్పులు ఎక్కడివక్కడే వదిలేసింది. రోడ్డుకి అవతల ఉన్న హోటల్లో ఒక్క మనిషికి టేబుల్ అడిగి కూర్చుని, వచ్చిన సూపు పొగలు పోకముందే తాగడం మొదలుపెట్టింది.