ఎవరి వీధి వాళ్ళదే

చెత్త లారీ వెనక నోరు మూసుకుంటోంది. తోపుడుబండి చక్రం ఒక్కటే ఇంకా బయట ఉంది. పెద్దక్క తోటికోడలు దాన్ని రెండు చేతులా పట్టుకుని వేలాడుతోంది.

"వదలవే, చస్తావ్!" అని అరిచాడు కాంట్రాక్టరు మనిషి. అరిచాడే గాని మీట మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఇనుప పలక దిగింది. బండి చెక్కలు పటపటా విరిగాయి. వాటిలో ఆమె వేళ్ళు విరిగిన చప్పుడు విడిగా వినబడలేదు. కేక మాత్రం వీధి చివరిదాకా వినబడింది.

ఆ చివర పెద్దక్క ఉంది. తన బండి పిడి పట్టుకుని, మలుపు దాటకుండా నిలబడి ఉంది.

ఎందుకు దాటలేదో తెలియాలంటే ఆ పని సంగతి తెలియాలి. ఇళ్ళ చెత్త ఎత్తే ఆడవాళ్ళకి జీతం లేదు. ఉన్న ఆస్తల్లా వీధే. ఇంటివాళ్ళు చేతిలో పెట్టేదీ, చెత్తలో దొరికే సీసా, అట్టముక్కా ఆ వీధి మనిషివే. ఒకప్పుడు వీధుల కోసం జుట్లు పట్టుకునేవాళ్ళు. పెద్దక్కే అందర్నీ కూర్చోబెట్టి పంచింది. ఏమైనా సరే, పక్కదాని వీధిలో కాలు పెట్టకూడదు. సొంత తోటికోడలికీ మినహాయింపు లేదు. కొట్లాటలు పోయాయి. మంచి బేరమే అనుకున్నారంతా. అందులో తరుగెంతో ఆమెకి ఆరోజే తెలిసింది.

కాంట్రాక్టరుకి ముందే తెలుసు. అందుకే లారీని ఒక్కో వీధికే పంపుతున్నాడు. మొదట ముసలామె వీధి పోయింది. మిగతావాళ్ళు "అయ్యో పాపం" అని తమ బండ్లు తోసుకుపోయారు. ఇప్పుడు ఇది రెండోది.

ఊరంతటికీ లారీయే పెట్టాలా వద్దా అని ఆ వారమే మున్సిపాలిటీ హాల్లో సభ జరిగింది. కుర్చీలు ఇంటివాళ్ళకి. చెత్త ఎత్తేవాళ్ళకి గోడ వార.

"లారీకి మూతుంటుంది. ఈ బండ్లు వీధంతా కారుతున్నాయి," అన్నాడు మందుల షాపాయన.

"మీ లారీ మా మూడో అంతస్తు ఎక్కుతుందా? వీళ్ళెక్కుతారు," అంది ఒక పంతులమ్మ.

"అభివృద్ధి కావాలంటే కాస్త కిందికి దిగాలి మేడమ్!"

అందరూ నవ్వారు. పెద్దక్క గోడ దగ్గర నుంచి ముందుకొచ్చింది. "లారీ వద్దనట్లేదు బాబూ. దాని మీద పనికి మమ్మల్నే పెట్టండి. చెత్త మాకేమన్నా కొత్తా?"

"కాంట్రాక్టు ఇచ్చేశామమ్మా," అన్నాడు చైర్మన్.

"ఇచ్చేస్తే మరి ఈ సభ దేనికి?"

"ప్రజల అభిప్రాయం తెలుసుకోడానికి."

"మరి మేమెవరం?"

చైర్మన్ చేతి గడియారం చూసుకుని, తర్వాత మాట్లాడేదెవరని అడిగాడు.

బయట మెట్ల మీద కాంట్రాక్టరు ఆమె పక్కకొచ్చాడు. "నువ్వు తెలివైనదానివి. మిగతావాళ్ళకి సర్దిచెప్పు. నీ వీధి జోలికి రాను. పైగా నిన్ను మేస్త్రీని చేస్తా."

ఇంట్లో మొగుడు మంచం పట్టి ఉన్నాడు. ఆ మాటని పెద్దక్క తేలిగ్గా తీసెయ్యలేదు. దారి పొడుగునా అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. వీడు ఉత్తపుణ్యానికి ఏదీ ఇచ్చే రకం కాదు. జోలికి రానన్నాడంటే ఆఖరున వస్తాడన్నమాట. ఆఖరునే ఎందుకు? ఆఖరున అయితే తన పక్కన నిలబడేవాళ్ళు ఎవరూ మిగలరు గనుక.

చెత్త వేరుచేసే ఖాళీ స్థలంలో అంతా చేరారు. తోటికోడలు చేతికి కట్టుంది. రెండు వేళ్ళు తీసేశారు.

"చూస్తూ నిలబడ్డావు కదక్కా!"

"నీ వీధి కదాని..."

"వీధి నాదే. వేళ్ళూ నావే. సరిపోయిందా?"

ముసలామె తోటికోడలి మీదికి తిరిగింది. "నా వీధి పోయిననాడు నువ్వు వచ్చావుటే? మూతి తిప్పుకుని పోలా?"

అప్పుడు పెద్దక్క కాంట్రాక్టరు బేరం దాచకుండా చెప్పేసింది. "పంచింది నేను. చెరిపేసేదీ నేనే. ఇవాళ్టి నుంచి ఎవరికీ వీధి లేదు. లారీ ఎక్కడాగితే అందరం అక్కడే."

"రేపు నా వీధిని ఇంకోతి లాక్కుంటే?" అని లేచింది గయ్యాళని పేరున్న ఒకామె.

"లాక్కోడానికి మిగిలితే కదే!"

కొందరు తిట్టుకున్నారు. ఒకామె ఏడ్చింది. చాలాసేపు ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి ఆ గయ్యాళే విసుక్కుంది. "సరే, పొద్దున్నే తగలడండి. రానిదాని బండి నేనే విరగ్గొడతా."

పొద్దున లారీ బజారు వీధిలోకి తిరిగింది. ముందు బండ్లు అడ్డంగా ఉన్నాయి. ఒకటి కాదు, ఊళ్ళో ఉన్నవన్నీ. డ్రైవర్ బ్రేకు తొక్కాడు. కాసేపటికి పోలీసు వ్యాన్ వచ్చింది. వెంటే కాంట్రాక్టరు.

"నీ వీధి నీకొదిలేస్తానన్నాగా! మతిపోయిందా?"

"ఆ మాటే ఇంకోసారి గట్టిగా చెప్పయ్యా. అందరూ వింటారు."

పోలీసులు విరుచుకుపడ్డారు. ముసలామె తల పగిలింది. దొరికినవాళ్ళని దొరికినట్టు జుట్టు పట్టి వ్యాన్‌లోకి తోశారు. పెద్దక్కని అందరికన్నా ముందు తోశారు. వాళ్ళ కళ్ళ ముందే బండ్లు ఒకదాని వెనక ఒకటి లారీ నోట్లోకి పోయాయి. ఏళ్ళ తరబడి తోసిన బండ్లు. మళ్ళీ కొనేది ఎలాగో ఎవరికీ తెలియదు.

వీధి ఖాళీ అయిందని లారీ మలుపు తిరిగింది. ఆ మలుపు అవతలిది పెద్దక్క వీధి. వ్యాన్ కూడా అదే దారి పట్టింది.

లారీ మళ్ళీ ఆగింది.

పెద్దక్క కిటికీ ఊచల్లోంచి చూసింది. పోలీసులకి చిక్కనివాళ్ళు వీధికి అడ్డంగా నిలబడి ఉన్నారు. బండ్లు లేవు, ఉత్త చేతులు. అందరికీ ముందు తోటికోడలు, కట్టున్న చేతిని గుండెకి ఆనించుకుని ఉంది. ఇన్నేళ్ళలో ఆ వీధిలో ఆమె కాలు పెట్టడం అదే మొదలు.

హారన్ మోగింది. ఆమె కదల్లేదు. కాంట్రాక్టరు ఏదో అరుస్తున్నాడు. వ్యాన్‌లోని ఆడవాళ్ళు ఇనుప గోడని అరచేతుల్తో బాదడం మొదలుపెట్టారు. కానిస్టేబుల్ నోరు ముయ్యమన్నాడు. బాదుడు ఆగలేదు.