దాసు పడవకు బొట్టు

మా మామ్మ అచ్చమ్మ అన్నం మానేసి మొండికేసింది. మా ఇంట్లో ఎవరు కొత్త పడవెక్కినా, ముందు దాని ముక్కుకు పసుపు రాసి బొట్టు పెట్టాలి. రంగూన్ రేవులో మూటలు మోసిన ముత్తాతల నాటి ఆచారం. నా తమ్ముడు దాసు ఎక్కబోయే పడవేమో అంటార్కిటికాలో ఉంది!

అక్కడి పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తల్ని చిన్న రబ్బరు పడవలో తిప్పడం వాడి కొత్త ఉద్యోగం. "చిటికెడు పసుపైనా ఈ నీళ్లలో పడకూడదు మామ్మా, రూల్సు" అని ఫోన్లో బతిమాలాడు.

"బొట్టు లేని పడవలో నువ్వు కూకుంటే నాకు ముద్ద దిగదురా" అంది. నిన్నటి నుంచి టీ తప్ప ఏమీ ముట్టలేదు. నాకు కోపం కన్నా భయమే ఎక్కువైంది.

ఈ సాయంత్రం రంగూన్‌లోని మా పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో మామూలుగానే కరెంటు లేదు. సిగ్నల్ కోసం మెట్ల మీద కూర్చున్నాం. అక్కడ అప్పుడే తెల్లారిందట, దాసు వీడియో కాల్ చేశాడు. పెంగ్విన్లు ఒకదాన్నొకటి నీళ్లలోకి తోసుకుంటున్నాయి. మంచుగడ్డ మీద ఓ సీల్, భోంచేసిన మా పెదనాన్నలా పడుకుంది. నేను పగలబడి నవ్వాను. మామ్మ నవ్వలేదు.

"పడవ ముక్కు సూపెట్రా."

ఒడ్డున కట్టేసిన పడవని దాసు దగ్గరగా చూపించాడు. అంతే, మామ్మ పక్కన పెట్టుకున్న గిన్నెలోంచి తడి పసుపు తీసి నా కొత్త ఫోన్ తెర మీద పులిమేసింది. దాని మీద కుంకుమ!

"మామ్మా, అది ఫోను!"

"పడవే. ఇప్పుడెక్కరా బాబూ."

దాసు నవ్వుతూ ఎక్కాడు. మోటారు చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది.

"అక్కా, తిమింగలం! మా పక్కనే!"

తెర నిండా పసుపే. చేత్తో తుడవబోయాను. మామ్మ నా మణికట్టు పట్టేసుకుంది.

"పెట్టిన బొట్టు తుడిచేత్తావేటే? ఆడింకా నీళ్ల మీదే ఉన్నాడు!"

చూడాలని ఆవిడకీ ఉంది. మెడ సాచి పసుపు సందుల్లోంచి వెతుకుతోంది. అయినా నా చెయ్యి వదల్లేదు. అంతలో "ఫూ..." మంటూ తిమింగలం పెద్ద ఊపిరి మెట్ల పొడుగునా వినిపించింది. కిందింటి మణిమాల తలుపు తీసి చూసింది.

మామ్మ ఫోనుకి దణ్ణం పెట్టింది. ముఖం వెలిగిపోతోంది. "గంగమ్మ తల్లికి అందిందే! ఏటలా సూత్తావు? ఆకలేత్తంది, అన్నమెట్టు."

ఒడ్డెక్కానని దాసు కేకేసేదాకా ఫోన్ ముట్టుకోనివ్వలేదు. తర్వాత తనే తడిగుడ్డ తెచ్చి నాకిచ్చింది.

నేను తుడవలేదు. రేపు కూడా వాడు పడవెక్కాలి కదా.