వదులే నా గొప్ప

నేను ఒక తోలు పట్టీని. ఒక కొసన మనిషి చెయ్యి, రెండో కొసన కుక్క మెడ, మధ్యలో నేను. ఆ చెయ్యి ఏమనుకుంటోందో, ఈ మెడ ఏమనుకుంటోందో ఒకేసారి తెలిసే అదృష్టం నాకు తప్ప ఇంకెవరికుంది చెప్పండి? కాస్త గర్వంగానే మాట్లాడతాను, ఏమనుకోకండి.

విజయనగరం గంటస్తంభం దగ్గర చెప్పులు కుట్టే కొర్లయ్య, మిగిలిన గేదె తోలుతో నన్ను కోసి, అంచులు కుట్టి, ఇత్తడి కొక్కెం తగిలించాడు. నన్ను మొదట కొన్న పెద్దమనిషి ఇంట్లో అసలు కుక్కే లేదు. గ్యాసు బండని మోపెడ్‌కి కట్టుకోవడానికి కొన్నాడు. కుక్క పట్టీగా పుట్టి బండలు మోయడం ఏం బతుకండీ! ఆ మోపెడ్ అమ్మేశాక నన్ను ఎదురింటి మేడ మీద అద్దెకుండే వరాలమ్మ చేతిలో పెట్టాడు. నా జాతకం అక్కడ తిరిగింది.

వరాలమ్మ జాకెట్లు కుట్టి బతికే ఒంటరి మనిషి. మురిక్కాలవ పక్కన వానలో తడుస్తున్న కుక్కపిల్లని తెచ్చుకుని, దివాను అని పేరు పెట్టింది. పేరు దివాను, ప్రాణం పిచ్చుకంత. కుక్కరు కూత వేస్తే చాలు, కుట్టుమిషను కింద దూరేవాడు. పసివాడు భయపడటం వింత కాదు. చిక్కంతా వరాలమ్మతోనే. ఎదురుగా ఇంకో కుక్క వస్తే "అయ్యో నా తండ్రీ!" అంటూ చంకనేసుకునేది. బడిపిల్లలు వచ్చినా చంకలోకే, గొడుగు వేసుకున్నవాడు వచ్చినా చంకలోకే. నేను ఆవిడ భుజం మీద తువ్వాలులా వేలాడేదాన్ని.

వాడు ఎదిగి చంకలో పట్టకుండా పోయాక, నన్ను పిడికిలికి రెండు చుట్లు చుట్టి బిగబట్టడం మొదలుపెట్టింది. దూరాన కుక్క కనబడగానే ఆవిడ గుండెదడ నాలోకి, నాలోంచి వాడి మెడలోకి పాకేది. అమ్మే హడలిపోతోందంటే ఇదేదో గండమే అనుకుని వాడు పళ్లు బయటపెట్టి ఎగబడేవాడు. నోరుంటే అరిచి చెప్పేదాన్ని, తల్లీ, ఈ భయం వాడిది కాదు, నీదే అని. ఏం లాభం, నాకున్నది కొక్కెం ఒక్కటే.

ఒకరోజు ఇంటి ఓనరు గుంపస్వామి మనవరాలు పావని బంతి కోసం పరిగెత్తుకొస్తే, ఆ పిల్ల మీదికీ ఎగబడ్డాడు. కరవలేదు గాని, గౌను అంచు చిరిగింది. గుంపస్వామి గబగబా మెట్లెక్కి వచ్చాడు.

"చూడు వరాలమ్మా, వచ్చే నెల మా అమ్మాయి పెళ్లి. ఇంటినిండా జనం, వాకిట్లో బాజాలు. ఆ రోజు గాని ఇది ఎవరి మీదైనా పడిందా, మరింక ఊరుకోను. అప్పుడింక నువ్వుండు, కుక్కని ఒగ్గీ."

"దాన్నొగ్గీసి నానెలాగుంటాను బాబూ!" అని వరాలమ్మ ఏడ్చేసింది.

ఆ సాయంత్రం పెళ్లికూతురి జాకెట్టే కుడుతోంది. మనసు మనసులో లేదు. కంగారులో మిషను మీద దారం బిగువు చూసే మర ఎక్కువ బిగించేసినట్టుంది, గుడ్డ ముడతలు పడింది, దారం పుటుక్కున తెగింది. తన దగ్గర కుట్టుపని నేర్చుకునే పిల్లలకి తనే రోజూ చెప్పే మాట, దారం మరీ బిగించొద్దని. మర వదులు చేసి, గోడ మేకుకి వేలాడుతున్న నా వంక చాలాసేపు చూసింది.

"ఓలమ్మో, నానే బిగించీసినాను" అంది.

మర్నాటి నుంచి పిడికిలి చుట్లు లేవు. వీధికుక్కలు మూగే చేపల బండికి దూరంగా నిలబడేవాళ్లం. దివాను నెమ్మదిగా ఉంటే ఉడికించిన గుడ్డు ముక్క నోట్లో పెట్టేది. బెరుకు తగ్గాక ఇంకాస్త దగ్గరికి. వాడు వెనక్కి పోదామంటే పోయేది, ఈడ్చేది కాదు. హెల్మెట్లు, గొడుగులు, బడిపిల్లలు, అన్నీ అలాగే అలవాటయ్యాయి. ఓసారి వాడు వీధిలోని ముసలి నల్లకుక్క ముఖం మీదికి దూసుకుపోతే, అది గుర్రుమని బుద్ధి చెప్పింది. ఎత్తుకోబోయిన వరాలమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. దివాను వెనక్కి తగ్గి, ఒళ్లు దులుపుకుని, ఈసారి మర్యాదగా పక్కనుంచి వెళ్లి పలకరించాడు. శభాష్ రా అబ్బీ! నా కుట్లు పిగిలేంత సంతోషం కలిగింది నాకు.

పెళ్లిరోజు రానే వచ్చింది. వాడి మీద నమ్మకం కుదిరి వరాలమ్మ మమ్మల్ని మేడ దింపి వాకిట్లోకి తెచ్చింది. మగపెళ్లివారు వాకిట్లోకి వచ్చేసరికి డప్పులు, సన్నాయి, బాణసంచా. జనం తోసుకోవడంలో నేను వరాలమ్మ చేతిలోంచి జారిపోయాను. దివానుకి సరిగ్గా ఎదురుగా, జనంలో తప్పిపోయిన పావని. పాత భయం గుర్తొచ్చి బిగుసుకుపోయి ఏడుస్తోంది. గుంపస్వామి దూరం నుంచి చూసి కేకేశాడు గాని, డప్పుల్లో ఎవరికి వినబడింది?

నేను నేలమీద ఉన్నాను. నన్ను పట్టుకున్న చెయ్యి లేదు.

దివాను ఆ పిల్లకేసి చూశాడు, తోక ఆడించాడు, కాస్త ఎడంగా కూర్చున్నాడు. అంతే. ఆ చప్పుడులో, ఆ తొక్కిడిలో, కదలకుండా కూర్చున్నాడు. పావని ఏడుపాపి నెమ్మదిగా వంగి నన్ను చేతిలోకి తీసుకుంది. గుంపస్వామి వచ్చేసరికి వాళ్లిద్దరూ పక్కపక్కనే ఉన్నారు. ఆయన వంగి దివాను తల నిమిరాడు. వరాలమ్మ పెళ్లివారు చూస్తున్నా సరే వెక్కివెక్కి ఏడ్చింది.

ఇప్పుడు నా తోలు నల్లబడింది, ఇత్తడి మెరుపు పోయింది. దివాను వీధిలో నా అవసరం లేనట్టే నడుస్తాడు. మొన్న గుంపస్వామి పావని కోసం ఒక కుక్కపిల్లని తెచ్చి, మొహమాటపడుతూ నన్ను అరువు అడిగాడు. వాకిట్లో ఆవు కనబడగానే అంతటి మనిషి గుండె దడదడలాడింది, నన్ను పిడికిలికి రెండు చుట్లు చుట్టేశాడు.

మేడ మీద కిటికీలోంచి కేక వినిపించింది.

"బాబూ, ఆ పిడికిలి ఒగ్గండి!"

ఆయన ఒక చుట్టు విప్పాడు. కాసేపు ఆలోచించి రెండోదీ విప్పాడు. నేను మళ్లీ వదులుగా వేలాడాను, కుక్కపిల్ల ఆవు వైపు ముక్కు చాచింది.