ఏడవని మనిషి నొప్పి

కెనడాలోని విండ్సర్‌లో ఇల్లు కొన్న కొత్తల్లో క్రీస్తుదాసు భార్యకు చేసిన మొదటి హితబోధ పక్కింటివాళ్ల గురించి. "నల్లోళ్లు. పగలైనా గడియ పెట్టుకో," అన్నాడు. ఆ మాట అన్న మనిషిని నరసాపురంలో అందరూ 'నల్ల దాసు' అనే పిలిచేవారు.

రూపవతి గడియ పెట్టుకుంది. మొదటి మంచు తుఫానుకే తీసేసింది. పొద్దున్నే లేచి చూస్తే, తమ వాకిట్లో మోకాలి లోతు మంచును పక్కింటి ఆర్డెల్లా పారతో ఎత్తిపోస్తోంది. టీకి పిలిచింది. ఆ టీ అలాగే సాగింది. కారు లేనివాడికి ఈ ఊళ్లో కాళ్లు లేనట్టే. ఆర్డెల్లా స్కూలు బస్సు డ్రైవరు. రూపవతికి డ్రైవింగ్ నేర్పింది ఆమే. అంత పెద్ద బస్సును తిప్పే మనిషి పక్కన కూర్చుంటే, ఆ చిన్న కారు కూడా భయపడి మాట వినేది. తెలుగులో 'అక్కా' అంటే ఏమిటో చెప్పించుకుని, ఇకనుంచి తనను అలాగే పిలవమంది ఆర్డెల్లా.

ఆమె ముత్తాతల ముత్తాతలు అమెరికాలో బానిసత్వం తప్పించుకుని, నది దాటి ఈ ఒడ్డుకు చేరినవాళ్లు. అయినా ఎక్కడికి వెళ్లినా "మీది ఏ దేశం?" అని అడుగుతారు. రూపవతినీ అడుగుతారు. ఆమె "ఇండియా" అనగానే అడిగినవాళ్లకు తృప్తి. ఆర్డెల్లా "విండ్సర్" అంటే మాత్రం, "అది సరే, అసలు ఎక్కణ్ణుంచి?" అని మళ్లీ మొదలుపెడతారు.

అలాంటి మనిషి ఒక ఏడాదిగా వాడిపోతోంది. నెలసరి వస్తే వారాల తరబడి తగ్గదు. పొత్తికడుపులో రాయి కట్టినట్టు బరువు. మెట్లెక్కితే ఆయాసం. ఆమె ఫ్యామిలీ డాక్టరు రిటైరయ్యాడు, వేరే డాక్టర్లెవరూ కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదు. అపాయింట్‌మెంటు లేకుండా చూసే వాక్-ఇన్ క్లినిక్‌కు వెళితే మొదటివాడు బరువు తగ్గమన్నాడు. రెండోవాడు స్ట్రెస్ అన్నాడు. మూడో ఆవిడ యోగా చేయమని చెప్పి, పక్కనే ఉన్న రూపవతి వంక చూసి, "మీ ఫ్రెండే నేర్పొచ్చుగా!" అని నవ్వింది. రూపవతి బైబిల్ స్టడీకి తప్ప ఏనాడూ కాళ్లు మడిచి కూర్చున్నది లేదు.

ఒక శనివారం మధ్యాహ్నం చేపల పులుసు ఇద్దామని వెళ్లిన రూపవతికి, ఆర్డెల్లా వంటింటి నేల మీద గోడకానుకుని కనబడింది. ముఖాన చెమట. రూపవతి గిన్నె స్టవ్ మీద పెట్టి, ఆమెను కారెక్కించి ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది.

"నొప్పి పదికి ఎంత?" అని అడిగింది అక్కడి నర్సు.

"ఎనిమిది," అంది ఆర్డెల్లా, బస్సులో స్టాపు పేరు చెప్పినంత నిదానంగా.

నర్సు తలెత్తి ఆమె ముఖం చూసింది. అందులో ఎనిమిది కనబడలేదు కాబోలు, ఏదో టైప్ చేసి, కూర్చోమంది.

కూర్చున్నారు. వాళ్ల తర్వాత వచ్చినవాళ్లు లోపలికి వెళ్లి, కట్లు కట్టించుకుని, నవ్వుకుంటూ బయటికి కూడా వచ్చేశారు.

రూపవతి ఉండబట్టలేకపోయింది. "అక్కా, కాస్త గట్టిగా ఏడు. మా ఊళ్లో ఆస్పత్రికి వెళితే జబ్బు సగం, గోల సగం. గోల లేకపోతే డాక్టరు రాడు."

"నేను ఏడిస్తే మందుల కోసం నాటకమంటారు. అరిస్తే సెక్యూరిటీని పిలుస్తారు. ఆ గోడ చూడు."

గోడ మీద రెండు బోర్డులున్నాయి. ఒకదాని మీద, సిబ్బంది పట్ల దురుసు ప్రవర్తనను సహించబోమని ఉంది. దాని పక్కన, అందమైన నల్లజాతి యువతి నవ్వుతున్న ఫొటో కింద, 'మీ మాట మేం వింటాం' అని ఉంది.

"మరి నోరు మూసుకుని కూర్చుంటేనో?"

"నొప్పి లేదంటారు."

రూపవతి కాసేపు ఆలోచించింది. తర్వాత, నువ్వు ఏడవకపోతే నేనే ఏడుస్తానన్నట్టు, పైట లేకపోయినా స్కార్ఫు నోటికడ్డం పెట్టుకుని ఎత్తుకుంది. "ఓరి దేవుడో! ప్రభువా! నా అక్క చచ్చిపోతోంది నాయనో! ఇక్కడ మనుషుల్లేరా తండ్రో!" వాళ్ల నాయనమ్మ శవాల దగ్గర ఎత్తుకునే రాగం అది. హాలంతా లేచి నిలబడింది.

ఇద్దరు నర్సులు చక్రాల కుర్చీ తోసుకుంటూ పరుగున వచ్చారు. వచ్చి, రూపవతిని అందులో కూర్చోబెట్టారు.

"నాకు కాదు! ఆవిడకి!" అని ఆమె వేలు చూపిస్తుంటే, "కంగారు పడకండి, మీ ఫ్రెండు కూడా మీతోనే వస్తారు," అని భుజం నిమిరారు. మంచం దొరికింది. బీపీ చూశారు. చూడక చూడక చూశారేమో, నిజంగానే ఎక్కువుంది. గుండెకు తీగలు తగిలించారు. ఆర్డెల్లా ఆ మంచం పక్కన కుర్చీలో, కడుపు పట్టుకుని, రూపవతి హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డాక్టరు వచ్చినప్పుడు తన సంగతి కూడా చెప్పుకుంది. ఆయన నొప్పి మాత్రలు రాసి, స్పెషలిస్టుకు రిఫర్ చేశాడు. ఆ స్పెషలిస్టు అపాయింట్‌మెంటు పై ఏటి వేసవికి దొరికింది.

ఇంటికొచ్చాక క్రీస్తుదాసు తికమకపడ్డాడు. "ఎవరికి బాలేదని వెళ్లారు? ఎవరికి మందులిచ్చారు?" అన్నాడు. మళ్లీ తనే, "అయినా ఇక్కడ వైద్యం ఫ్రీయే కదే, ఇంక బాధేంటి?" అన్నాడు.

"పెళ్లి భోజనం కూడా ఫ్రీయేనండి. బంతిలో కూర్చోనివ్వొద్దూ!" అంది రూపవతి, బీపీ మాత్ర మింగుతూ.

రెండు నెలల తర్వాత ఆర్డెల్లాకు ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. అపాయింట్‌మెంటు ముందుకు జరిగిందేమోనని ఇద్దరూ చెవులు రిక్కించారు. కాదు. నల్లజాతి స్త్రీల ఆరోగ్యం మీద పెద్ద సదస్సు పెడుతున్నారట. చర్చి పాస్టరు ఆమె పేరు చెప్పాడట. వచ్చి తన అనుభవం పంచుకోవాలట.

"స్పెషలిస్టుని చూడాలంటే ఇంకో ఏడాది ఆగాలి నేను," అంది ఆర్డెల్లా.

"అబ్బ, అదే చెప్పండి! గుండెకు హత్తుకుంటుంది!" అంది అవతలి గొంతు.

ఆర్డెల్లా ఫోను పెట్టేయబోయింది. అంతలో, వేదిక మీద మాట్లాడబోయేవాళ్ల పేర్లు చదివింది ఆ అమ్మాయి. అందులో ఆ స్పెషలిస్టు పేరుంది.

"వస్తాను," అంది ఆర్డెల్లా.

సదస్సు రోజు ఆస్పత్రి హాలంతా బెలూన్లు, మఫిన్లు. స్పెషలిస్టు తెర మీద గ్రాఫులు చూపిస్తూ మాట్లాడాడు. నల్లజాతి స్త్రీలకు గర్భసంచిలో గడ్డలు ఎక్కువగా, చిన్న వయసులోనే వస్తాయన్నాడు. వాళ్లు నొప్పి అంటే వైద్యులు తేలిగ్గా తీసుకుంటారన్నాడు. వాళ్ల మాట నమ్మడం నేర్చుకోవాలన్నాడు. ప్రతి మాటా నిజమే. రూపవతికి ఆయన మీద గౌరవం కూడా కలిగింది. ఇంత తెలిసిన మనిషి, బల్లకు అవతలి చివర కూర్చుని పెదవి కొరుక్కుంటున్న ఆర్డెల్లా వైపు ఒక్కసారి కూడా తిరగలేదే అన్నదే ఆమెకు అర్థం కాలేదు.

ఆర్డెల్లా వంతొచ్చింది. లేచింది. బరువు, స్ట్రెస్, యోగా, అన్నీ చెప్పింది. జనం నవ్వాల్సినచోట నవ్వారు, నిట్టూర్చాల్సినచోట నిట్టూర్చారు. చెబుతూ చెబుతూ మైకు స్టాండు పట్టుకుంది. మాట ఆగిపోయింది. స్టాండును పట్టుకునే మెల్లగా మోకాళ్ల మీదికి, అక్కణ్ణుంచి నేల మీదికి జారింది.

ముందు వరుసలో ఒకావిడ కళ్లు తుడుచుకుని చప్పట్లు మొదలుపెట్టింది. పక్కవాళ్లు అందుకున్నారు. నిమిషంలో హాలంతా లేచి నిలబడి కొడుతోంది. స్పెషలిస్టు కూడా కొడుతున్నాడు.

"ఆపండి!" అంటూ రూపవతి కుర్చీలు తోసుకుంటూ వేదిక ఎక్కింది. "చప్పట్లు ఆపండి! ఆవిడ కథ చెప్పడం లేదు, పడిపోయింది!"

అప్పుడు కనబడింది అందరికీ, ఆర్డెల్లా లేత పసుపు గౌను మీద పాకుతున్న ఎరుపు. స్పెషలిస్టు వంగి నాడి చూశాడు. స్ట్రెచరు తెమ్మని కేకేశాడు. అదే భవనంలో, వరండా చివరనే ఉంది ఎమర్జెన్సీ. ఆ రోజు ఆమె కోసం తెరుచుకోని ఆ తలుపు దగ్గరికి స్ట్రెచరు మీద చిటికెలో చేర్చారు.

"ఇంత తక్కువ రక్తంతో మనిషి నిలబడటమే కష్టం. ఈవిడ బస్సెలా నడిపింది?" అన్నాడు రక్తపరీక్ష చూసిన డాక్టరు.

"ఎవరూ నమ్మకపోతే ఇంకేం చేస్తుంది, నడిపింది," అంది రూపవతి.

రక్తం ఎక్కించారు. స్కానింగులో గడ్డలు కొబ్బరికాయంత ఉన్నాయని తేలింది. ఆ వారంలోనే ఆపరేషన్ చేశారు. గర్భసంచి తీసేయక తప్పలేదు. మర్నాడు స్పెషలిస్టు వచ్చి, మంచం పక్క స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గ్రాఫులు లేకపోతే ఆయన గొంతు చిన్నగానే ఉంది.

"ముందే చూసి ఉంటే గడ్డలు మాత్రమే తీసేవాళ్లం. మన్నించండి," అన్నాడు.

ఆర్డెల్లా తల ఊపింది. ఆయన వెళ్లాక గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతుంటే రూపవతి ఆమె వీపు మీద చేయి వేసి ఉండిపోయింది. నలభై రెండేళ్లకు పిల్లలు కావాలని ఇంకా ఆశ ఉందో లేదో ఆమెను ఎవరూ అడగలేదు. తానూ ఏనాడూ అడగలేదని రూపవతికి అప్పుడు తట్టింది.

కర్టెను పక్కకు జరిపి నర్సు వచ్చింది. "నొప్పా? పదికి ఎంత?"

"ఇది ఆ లెక్కలోకి రాదమ్మా," అంది ఆర్డెల్లా.

కోలుకోవడానికి ఎండాకాలమంతా పట్టింది. క్రీస్తుదాసు ఎవరూ చెప్పకుండానే ఆమె వాకిట్లో గడ్డి కోసిపెట్టాడు. చర్చి ఆడవాళ్లు పలకరించడానికి వచ్చేవారు. వచ్చినవాళ్లు పండ్లు బల్లమీద పెట్టి, గొంతు తగ్గించి, "అంత తొందరగా ఆపరేషన్ ఎలా దొరికింది?" అని అడిగేవారు.

"వేదిక మీద పడాలి. కిందెక్కడ పడినా లాభం లేదు," అనేది ఆర్డెల్లా. నవ్వేవారు. ఆమె చిన్నాన్న కూతురు వెర్నా మాత్రం నవ్వలేదు. అందరూ వెళ్లేదాకా ఆగి, తనకూ ఏడాదిన్నరగా అలాగే ఉందని చెప్పింది.

సెప్టెంబరులో ఆస్పత్రి అమ్మాయి మళ్లీ ఫోను చేసింది. పోయిన సదస్సు బ్రహ్మాండంగా జరిగిందట. ఈసారి అంశం 'వీళ్లు వైద్యానికి ఎందుకు ఆలస్యంగా వస్తారు?' ఆర్డెల్లా గారే మొదటి వక్త, వచ్చే సోమవారం.

"సోమవారం కుదరదు. వెర్నాను స్పెషలిస్టు దగ్గరికి తీసుకెళ్తున్నాను. అపాయింట్‌మెంటు ఇచ్చేదాకా అక్కడే కూర్చుంటాం," అంది ఆర్డెల్లా. ఫోను పెట్టేసి, కారు తాళాలు రూపవతి వైపు విసిరింది. "సోమవారం నువ్వే డ్రైవ్ చెయ్యి. నాకింకా సీటు బెల్టు కుట్ల మీద ఒత్తుకుంటోంది."