ఏడు కడియాల మొసలి

వ్యాను స్టీరింగు పట్టుకున్నాక సాలోంగో నోట నిజం ఊడిపడగా విన్నవాళ్ళు లేరు. అతని అసలు పేరు బుకెన్యా. కానీ కవలలు పుట్టిన మగాణ్ణి మసాకా వైపు సాలోంగో అంటారు, ఆడదాన్ని నాలోంగో అంటారు, ఆపైన అసలు పేరుతో ఎవరికీ పనుండదు. మసాకా పక్కన పిల్లల హోములో నాలోంగో వంట చేస్తుంది, సాలోంగో వ్యాను తోలతాడు. కొత్త మిషనరీలు, వాలంటీర్లు ఎవరొచ్చినా విమానం దగ్గర్నుంచి తెచ్చేది అతనే.

మూడున్నర గంటల దారి. మధ్యలో భూమధ్యరేఖ. అక్కడికి రాగానే సాలోంగో వ్యాను నెమ్మది చేసి మొదలెట్టేవాడు. "గట్టిగా పట్టుకోండి బాబూ, చక్రాలు వెనక్కి తిరుగుతాయి! ఒకసారి అలాగే తిరిగి తిరిగి, బయల్దేరిన రోజుకి ముందు రోజు ఇల్లు చేరాను. మా ఆవిడ కోసి వండేసిన కోడి దొడ్లో నిలబడి కూస్తోంది. దాన్ని మళ్ళీ కోశాం. ఒకే కోడి, రెండు కూరలు." కొత్తవాళ్ళకి హోములో స్వాగతం డప్పులతోనూ పాటలతోనూ ఉంటుంది గానీ, మొదటి స్వాగతం మాత్రం ఆ కోడే.

ఈసారి వచ్చింది నలుగురు. డేల్, మార్లిస్ అనే మొగుడూ పెళ్ళాలు, రెండేళ్ళు ఉండిపోవడానికి. వాళ్ళతో కాలేజీ ఆడపిల్లలిద్దరు. మార్లిస్ ముందు సీట్లో కూర్చుని, వ్యాను ఊరు దాటకముందే అడిగింది.

"నకిములి ఎలా ఉందండీ?"

"ఎవరూ, మన నకిములా? బాగుంది. తొమ్మిదేళ్ళొచ్చాయి. పాటలో ముందు వరస."

"పాపం. వాళ్ళమ్మని మొసలి లాక్కుపోయింది కదా. తోకకి ఏడు కడియాలున్న మొసలి. మీరే చెప్పారని బ్రెన్నా మాకు రాసింది. మా చర్చిలో ఏడాదిగా ప్రతి బుధవారం ఆ పిల్ల కోసం ప్రార్థన చేస్తున్నాం. మేము ఇక్కడికి వచ్చిందే ఆ పిల్ల కోసం."

సాలోంగో గేరు మార్చబోయి హారను నొక్కాడు.

బ్రెన్నా నిరుడు వచ్చిన వాలంటీరు. ఇదే సీట్లో కూర్చుని, ఏ పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్కొక్కరి గురించీ అడిగింది. నకిములి దగ్గరికి వచ్చేసరికి ఉన్న సంగతి చప్పగా తోచింది సాలోంగోకి. తండ్రి జ్వరంతో పోయాడు. తల్లి నబ్బోసా సరస్సులో ద్వీపం మీద చేపలు పొగబెట్టుకుని బతుకుతోంది. రెండో మొగుడు పిల్లని ఇంట్లోకి రానివ్వడు. స్కూలు సెలవులకి ఒకసారి తల్లి వచ్చి, చేపల వాసనేసే కొంగుతో పిల్ల మొహం తుడిచి పోతుంది. ఇందులో చెప్పుకోడానికేముంది? అంచేత సాలోంగో సరస్సులోంచి ఒక మొసలిని లేపాడు. పడవంత పొడుగు. మింగిన ఆడదానికొక కడియం చొప్పున తోకకి ఏడు. బ్రెన్నా ఏడ్చింది. ఎవరైనా అంతలా విన్నందుకు సాలోంగోకి ఆ రోజు కడుపు నిండిపోయింది. అది కోడి లాంటి కథేనని ఆ పిల్లకి తెలిసే ఉంటుందనుకున్నాడు.

ఇప్పుడు భూమధ్యరేఖ వచ్చింది, పోయింది. సాలోంగో కోడి ఊసెత్తలేదు. చెప్పేద్దామని మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. మూడుసార్లూ దగ్గొచ్చింది. దారిలో గుడ్డలంగడి దగ్గర మార్లిస్ ఆపమంటే ఆపాడు. ఆమె లోపలికెళ్ళి గోధుమరంగు నారగుడ్డ కట్ట ఒకటి చంకన పెట్టుకొచ్చింది. తెల్లవాళ్ళు ఆ గుడ్డతో టోపీలూ సంచులూ కొనుక్కుంటారు కదా అని సాలోంగో కాల్చిన అరటికాయ నములుతూ ఊరుకున్నాడు. హోముకెళ్ళగానే ఎసేజా అమ్మగారికి చెప్పేస్తాను, అనుకున్నాడు.

గేటు తియ్యగానే డప్పులు. ఎనభై మంది పిల్లలు, ఎనభై గొంతులు. హోము చూసుకునే ఎసేజా అమ్మగారు పట్టు గోమెసి కట్టుకుని, చేతులు చాపి ఎదురొచ్చింది. ఆ హోరులో చెవిలో మాట చెప్పే సందెక్కడ? సరే, భోజనాలయ్యాక, అనుకున్నాడు.

అక్కడ ఒక్కో వంశానికి ఒక జంతువో మొక్కో గుర్తు; వచ్చినవాళ్ళకి ఆ వంశాల పేర్లు పెట్టారు. డేల్ ఏనుగు వంశం వాడయ్యాడు. మార్లిస్ పుట్టగొడుగు వంశం. "పొట్ట చూస్తే ఏనుగు నిజమే!" అని నాలోంగో గుంపులోంచి అరిస్తే అందరూ పకపకా నవ్వారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని దండాలు పెట్టారు. నకిములి వంతు వచ్చింది.

మార్లిస్ కూడా మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళలో నీళ్ళు. చంకలోని నారగుడ్డ తీసి, మడత విప్పి, ఆ పిల్ల రెండు చేతుల్లో పెట్టింది. నేర్చుకొచ్చిన మాట ఒకటి వాళ్ళ భాషలోనే మెల్లగా అంది. "నీ దుఃఖంలో మేమూ ఉన్నాం తల్లీ."

డప్పు ఆగిపోయింది.

చెట్టు బెరడు కొట్టి కొట్టి చేసే ఆ గుడ్డ ఎందుకో అక్కడ పాలుతాగే పిల్లకి తప్ప అందరికీ తెలుసు. శవానికి చుట్టేది అదే. చావింటికి వెళ్ళేవాడు చేతిలో పట్టుకెళ్ళేది అదే. ఆచారం తప్పకూడదని, అక్కడి చావింటి పద్ధతుల గురించి బ్రెన్నా రాసింది చదువుకుని, ఎంతో మర్యాదగా తెచ్చింది మార్లిస్.

నకిములి గుడ్డ వంక చూసింది. తర్వాత ఎసేజా అమ్మగారి వంక చూసింది.

"మా అమ్మ ఎప్పుడు పోయింది?"

"అయ్యో, లేదమ్మా! మీ అమ్మకేం కాలేదు. వీళ్ళు పొరబడ్డారు, అంతే."

"నాన్నకీ ఏం కాలేదన్నారు. బాగానే ఉన్నాడన్నారు. తర్వాత గుడ్డ తెచ్చారు."

ఎసేజా అమ్మగారు నబ్బోసాకి ఫోను చేసింది. నీళ్ళ మీద ఉందో, ఛార్జింగు లేదో, పలకలేదు. ఆమె మార్లిస్ వైపు తిరిగి, "ఈ పిల్ల తల్లి పోయిందని మీకెవరు చెప్పారు?" అంది.

మార్లిస్ తల సాలోంగో వైపు తిరిగింది. సాలోంగో వ్యాను టైరులో గాలుందో లేదో చూస్తున్నాడు. చెప్పులతో రెండుసార్లు తన్ని మరీ చూశాడు.

"మేమే తప్పుగా అర్థం చేసుకున్నట్టున్నాం," అంది మార్లిస్. ఆ పిల్ల కాళ్ళు పట్టుకుని, క్షమించమని ఏడ్చింది. ఆమె వయసు అరవై. అరవయ్యేళ్ళ మనిషి అతని తప్పుని తలకెత్తుకుని మట్టిలో కూర్చుంటే, సాలోంగో నాలుగో టైరు దగ్గరికి వెళ్ళాడు.

విందు చల్లారిపోయింది. అరటాకుల్లో ఉడికిన కోడి ఆకుల్లోనే ఉండిపోయింది. నకిములి నారగుడ్డ అంచు చించి నడుముకి కట్టుకుని, వంటింటి అరుగు మీద కూర్చుంది, చావింట్లో ఆడవాళ్ళు కూర్చున్నట్టే. తినలేదు. ఏడవనూ లేదు. సాలోంగో చాలాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"నకిములీ. మీ అమ్మ ఉందే. నేనే బ్రెన్నాకి మొసలి కథ చెప్పాను. ఉత్తదే. మీ అమ్మ అక్కడ చేపలు పొగబెడుతూ ఉంటుంది ఈపాటికి."

ఆ పిల్ల అతని మొహం తేరిపార చూసింది. వ్యాన్లో కథ బాగున్నప్పుడు చూసే చూపే అది.

"తాతా, ఇప్పుడు చెప్పేది కూడా కథేనా?"

వెనక గరిటె కిందపడ్డ చప్పుడైంది.

"ఏమయ్యా," అంది నాలోంగో గుమ్మంలోంచి. "ఇది నీ పనా?"

"మెల్లగా మాట్లాడవే..."

"మెల్లగా ఏంటి నీ తలకాయ! నా కోడిని రెండుసార్లు కోశావు, సర్లే, కోడికి నోరు లేదని ఊరుకున్నా. బతికున్న ఆడదాన్ని మింగించావు కదయ్యా! అక్కడ ఆ పెద్దావిడ కూడు ముట్టకుండా, రేపే వెళ్ళిపోతామంటోంది. నువ్వేమో టైర్లు తంతున్నావు! లే, పద!"

"ఉద్యోగం పోతుందే."

"పోతే పోనీ. ఎలాగూ నీకు మొసళ్ళున్నాయిగా, తోలుకుని బతుకు."

భోజనాల గదిలో అందరి ముందూ చెప్పాడు. జీవితంలో మొదటిసారి, ఒక్క ముక్క కలపకుండా. చాలా చిన్నగా వచ్చింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వ్యాన్లో మొసలి ఒక్కటే గంట పట్టింది. ఎసేజా అమ్మగారు తాళం చెవులు లాక్కుంటుందనుకున్నాడు. ఆమె వాటిని అతని చేతిలోనే ఉంచి, "తల్లిని తీసుకురా. మాటలతో కాదు, మనిషిని తెచ్చి చూపించు," అంది. మార్లిస్ మాత్రం తిట్టలేదు. తిట్టుంటే బాగుండేదని అతనికి తోచింది. వెళ్ళేటప్పుడు ఒక్క మాట అడిగింది.

"కోడి కూడా అబద్ధమేనా? బ్రెన్నా అదీ రాసింది."

"అబద్ధమేనమ్మా."

"అది బాగుంది," అంది. మొహం మాత్రం నవ్వలేదు.

తెల్లారి మొదటి ఫెర్రీలో సాలోంగో ద్వీపం చేరాడు. నబ్బోసా పొగలో వంగి చేపలు తిరగేస్తోంది. అతణ్ణి చూడగానే ఆమె చేతిలో చేప జారిపోయింది. "పిల్లకేమైంది?"

"పిల్ల బాగుందమ్మా. నీకే అయింది." చెప్పుకొచ్చాడు. చెప్పడం రెండోసారి ఇంకా కష్టంగా ఉంది.

"ఏడు కడియాలా?" అంది నబ్బోసా. "నా చేతికి ఒక్కటి లేదు. దాని తోకకి ఏడా! పెట్టేవాడివి నాక్కూడా ఒకటి పెట్టాల్సింది అన్నా." నవ్వింది. నవ్వు మధ్యలో ఆగింది. కళ్ళు తుడుచుకుంది, పొగకో ఎందుకో. "అయితే నా కూతురు నా కోసం ఏడ్చేసిందన్నమాట."

"ఏడవలేదు. అదే భయం."

ఆమె పొయ్యి మీద నీళ్ళు గుమ్మరించి లేచింది. మొగుడికి చెప్పాలన్న మాట కూడా ఎత్తలేదు.

మధ్యాహ్నం దాటాక వ్యాను గేట్లోకి వచ్చింది. నకిములి అరుగు మీద అలాగే ఉంది. తల్లి దిగి నిలబడినా లేవలేదు. దగ్గరికొచ్చాక కొంగు పట్టుకుని వాసన చూసింది. చేపల వాసన. అప్పుడేడ్చింది. హోములో ఎనభై మందీ అప్పటిదాకా ఊపిరి బిగబట్టినట్టుంది, అందరూ ఒక్కసారే మాట్లాడారు. మార్లిస్ వంటింటి గోడకి మొహం తిప్పుకుని నిలబడింది. నాలోంగో వెళ్ళి ఆమె చేతిలో వేడి పళ్ళెం పెట్టింది. "తిను వదినా, నువ్వు కూడా పస్తే కదా."

ఆ రాత్రి తల్లీ కూతుళ్ళు ఒకే మంచం మీద పడుకున్నారు. పొద్దున్నే నబ్బోసా వెళ్ళాలి. పొగపొయ్యి మళ్ళీ రాజెయ్యకపోతే పూట గడవదు. బయల్దేరే ముందు కూతురి నడుము నుంచి నారగుడ్డ పేలిక విప్పింది. మిగతా గుడ్డతో కలిపి మడతపెట్టి, సాలోంగో చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరే ఉంచు. నేను నిజంగా పోయిన రోజున నువ్వే తెచ్చి కప్పు. అప్పుడు ఈ పిల్ల నీ మాట ఎలా నమ్ముతుందో, అదీ నువ్వే చూసుకో."

సాలోంగో గుడ్డని సీటు కింద పెట్టుకున్నాడు. గేటు దగ్గర తల్లి కొంగుని నకిములి వదల్లేదు.

"అమ్మ సెలవులకి మళ్ళీ వస్తుందని చెప్పండి."

"వస్తుందే తల్లీ, నేనే ఫెర్రీ దాకా..." సాలోంగో మొదలెట్టాడు.

"నువ్వు కాదు తాతా. నాలోంగో చెప్పాలి."

నాలోంగో చెప్పింది. పిల్ల కొంగు వదిలింది.

ఫెర్రీ దాకా దారంతా సాలోంగో నోరు మెదపలేదు. చివరికి నబ్బోసాకే విసుగొచ్చింది. "ఏంటన్నా, చావింటి నుంచి వస్తున్నట్టు. ఏదైనా మాట్లాడు."

సాలోంగోకి ఎంత వెతికినా తప్పు పట్టడానికి వీల్లేని మాట ఒక్కటే దొరికింది.

"వానొచ్చేటట్టుంది."

నబ్బోసా కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఆకాశం చూసుకుంది.